చేవ్రాలు, ముద్ర, తాళపుచెవి

హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు రాజమార్గమున మేడ్చలు దాటిన కొంతసేపటికి అత్వెల్లి వచ్చును. ఒకప్పుడు 7వ నెంబరు జాతీయ రహదారి యనియు, ఇప్పుడు 44వ నెంబరనియు పిలువబడు ఆ బాట ప్రక్కనే గ్రామము. నగరము పెరిగి పెరిగి ఈ పొలముల వరకు వచ్చినది. ఎకరముల లెక్కన సాగైన నేల గజముల లెక్కన అమ్ముడుపోవుచున్నది.

ఇట్టి గ్రామములో ఒక ఎకరము నేల ఎవరిదని అడిగినచో నోటిమాట చాలదు. కాగితము చూపవలెను. చూపిన పిమ్మట, ‘ఇది నిజమైన కాగితమేనా?’ అను రెండవ ప్రశ్న వచ్చును. మొదటిదానికంటె ఈ రెండవ ప్రశ్నయే కఠినమైనది. నేడు దానికి సమాధానము చెప్పునది సిరా సంతకము గాదు. ఎక్కడనో ఒక చల్లని గదిలో డేటాబేసును కాచుకొనియున్న సర్వరు అను యంత్రములోని చిన్న ధ్రువపత్రము. అది కనబడకపోయిననాడు లెక్కలన్నియు చెక్కుచెదరక ఉండియు లేనట్లే అగును. కూతురి పెండ్లికై పొలము అమ్ముకొన వచ్చి కార్యాలయపు కిటికీ ముందు నిలుచున్నవానికి మాత్రము ‘సర్వర్ డౌన్’ అను రెండు మాటలే వినబడును. లోపల జరిగినదేమో అతనికి ఎవరును చెప్పరు.

ఆ చిన్న ధ్రువపత్రమునకు పెద్ద వంశమే కలదు. ఆ వంశచరిత్రను కొంత చెప్పి, అది తప్పిపోయినపుడు ఎట్లు వెదకవలెనో వివరింప దలచినాము.

తెలుగుదేశపు భూమి దస్త్రములలో మిగుల గట్టివి రాగిరేకులు. వేంగి నేలిన తూర్పు చాళుక్యులు భూదానము చేసినపుడు, దాన వివరములను రేకులపై చెక్కించి, రేకులకు రంధ్రము చేసి, అందుండి ఒక వలయము దూర్చి, దాని రెండు కొనలను ముద్రలో అతికించెడివారు. ముద్రపై వరాహము, అంకుశము, సూర్యచంద్రులు, నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదము. వలయము కోయకుండ ఒక రేకు తీసి మరియొక రేకు చేర్చుట సాధ్యము గాదు. అందుచేతనే శాసన పరిశోధకులు, రేకులు తమ చేతికి వచ్చునప్పటికి వలయము కోయబడియున్నదా లేదా అను విషయమును మొదటనే వ్రాసిపెట్టుదురు. ఇది చాదస్తము కాదు. దొంగ శాసనములు పుట్టించువారు ఆ కాలమునను ఉండిరి. ఫ్లీటు దొర 1901లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో కూటశాసనములకు ఒక పట్టికనే ప్రకటించెను.

ఇక్కడ వ్రాతయు, వ్రాతను నమ్మించు ముద్రయు ఒకే వలయమునకు గ్రుచ్చబడినవి. దస్త్రమున్నచోటనే సాక్షి. ఏర్పాటు చక్కనిదే. కాని ఆ ముద్రను గుర్తించు ప్రభుత్వము ఉండవలెను గదా! రాజ్యము పోయిన పిమ్మట ఆ వరాహమును చూచి లేచి నిలుచుండువాడు లేడు. దానము ఆచంద్రార్కము చెల్లవలెనని రేకుపై వ్రాసినను, ముద్రకు వెనుకనున్న బలము అంతకాలము నిలువలేదు.

మొగలాయి, ఆసఫ్‌జాహీ కాలములలో కాగితము రాజ్యమేలెను. దానితో కూడ వచ్చిన సనదు, మొహరు, దస్తఖత్తు, దఫ్తరు అను మాటలు నేటికిని మన నోళ్ళలో దస్కతనియు దస్త్రమనియు మిగిలియున్నవి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రాగారమున షాజహాను, ఔరంగజేబుల నాటి కాగితములు లక్షకు పైగా కలవు. అధికారి మొహరుపై ఆయన పేరు, బిరుదముతోపాటు సంవత్సరము కూడ చెక్కబడి యుండెడిది. కాగితపు వెనుకవైపున ఏ కచేరీనుండి ఏ కచేరీకి పోయినదో గుర్తులు వేసెడివారు. అనగా మొహరు ఒక్కటియే చాలదు. అది ఏనాటిదో తెలియవలెను, కచేరీ పుస్తకములో దానికి జతపడు పద్దు ఉండవలెను. జాగీరుదారు మరణించినచో వారసుడు విరాసతు విచారణ చేయించుకొని తన హక్కును మరల స్థిరపరచుకొనవలసివచ్చెడిది. గడువు తీరిన సర్టిఫికెట్టును తిరుగవ్రాయించుకొను నేటి పద్ధతికి ఇది మేనమామ వంటిది.

మేడ్చలు ప్రాంతము నిజాముగారి సొంత వ్యయమునకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాసులోని అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాకు చేరినది. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాసు ప్రభుత్వ భూములలో కలిసెను. అదే సంవత్సరము ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనము వచ్చెను. పిమ్మట 1954-55లో సాగుదారులను, పట్టాదారులను నమోదుచేసి ఖాస్రా పహాణీ తయారుచేసిరి. తెలంగాణమున భూమి తగాదా ఏది వచ్చినను న్యాయవాది నేటికిని మొదట అడుగునది ఆ ఖాస్రా నకలునే. అంతకు పూర్వపు సేత్వారు దొరికిన ఇంకను మేలు.

గ్రామములో లెక్క పట్వారీది. పహాణీ, ఫైసల్‌పట్టీ, వసూల్‌బాకీ ఆయన ఇంటి బస్తాలోనివే. 1984 జనవరిలో ప్రభుత్వము గ్రామాధికారుల వంశపారంపర్య పదవులను రద్దుచేసెను. లెక్కలను స్వాధీనము చేసికొనవలసివచ్చెను. పుస్తకములు కచేరీకి చేరినను, ఈ గీత ఎందుకు కొట్టివేయబడినది, ఈ పొడి అక్షరములెవరివి అని చెప్పగల జ్ఞాపకము మాత్రము పట్వారీల ఇండ్లలోనే నిలిచిపోయెను. ఆ పద్ధతి పోవుట మంచిదే. కాని దస్త్రమును తరలించుట వేరు, దస్త్రమును విప్పిచెప్పు సాధనమును తరలించుట వేరు అను సంగతి ఆనాడే తెలిసినది. తరువాత యంత్రములు తరలించినవారు దానిని మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను.

వ్రాలుచేయనేరనివారికి నిశాని బొటనవ్రేలు. ఈ పద్ధతికి పేరు తెచ్చినది మన దేశమే. 1858లో వంగదేశమున జంగిపూరులో విలియం హెర్షెలు అను అధికారి, రాజ్యధర్ కోనాయి అను గుత్తేదారుచేత ఒప్పందము వెనుక అరచేతి ముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. వ్రేలిముద్ర ఎవరును మార్చలేనిదని అందరును నమ్మిరి. మార్చలేనిది నిజమే, ఎత్తివ్రాయుట మాత్రము సాధ్యమే! 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులోని దస్తావేజులనుండి వ్రేలిముద్రలను తీసి, రబ్బరుపై అచ్చుపోసి, పరుల పేర సిమ్‌కార్డులు పుట్టించిన కేసును పోలీసులు పట్టుకొనిరి. దస్తావేజు అందరును చూడదగినది, వ్రేలిముద్ర దానిమీదనే యున్నది. చూపవలసినదియు దాచవలసినదియు ఒకటే అయినపుడు ఇట్టి చిక్కు తప్పదు.

ఈ చిక్కు విప్పుటకు గణితశాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయము చిత్రమైనది. 1976లో అమెరికాలో డిఫీ, హెల్మనులు రెండు తాళపుచెవుల పద్ధతిని ప్రతిపాదించిరి. ఒకటి యజమాని ఎన్నడును చేయి జారనీయనిది, రెండవది ఊరంతకు పంచిపెట్టదగినది. మొదటిదానితో చేసిన సంతకమును రెండవదానితో ఎవరైనను సరిచూడవచ్చును. రెండవదానిని ఎంత పరిశీలించినను మొదటిదానిని తయారుచేయుట ఆచరణలో అసాధ్యము. మన పాత మాటలలో చెప్పవలెనన్న, మొదటిది ముద్ర దిమ్మ, రెండవది దానితో వేసిన అచ్చు. కాని అచ్చును చూచి దిమ్మను చేయుటకు వీలులేదు.

అయినను ప్రశ్న తీరలేదు. ‘ఇది ఫలానావాని తాళపుచెవియే’ అని చెప్పవలసినదెవరు? 1978లో ఎం.ఐ.టి. విద్యార్థి లోరెన్ కోన్‌ఫెల్డరు తన పట్టపరీక్షా వ్యాసములో దీనికి సమాధానము చూపెను. అందరును నమ్మదగిన ఒక పెద్ద, పేరును బహిరంగపు చెవిని ఒకచోట చేర్చి, క్రింద తన సంతకము పెట్టవలెను. ఆ చీటికి అతడు పెట్టిన పేరే సర్టిఫికెట్టు. మన దేశమున ఈ పెద్దరికమునకు చట్టపు బలము సమాచార సాంకేతిక చట్టము వలన 2000 అక్టోబరు 17న వచ్చెను. సర్టిఫికెట్లిచ్చు సంస్థలపై నియంత్రణాధికారిని నియమించిరి. బ్యాంకులకై అట్టి సర్టిఫికెట్లిచ్చు పనికి పూనుకొన్నది మన హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులో 1996లో రిజర్వుబ్యాంకు నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ.

రేడియో వినువారికి ఈ సూత్రము కొత్తది కాదు. 1940 వేసవిలో, శత్రువు దొంగ ప్రసారములు చేయునేమోయను భయముతో, లండను బి.బి.సి. వారు వార్తలు చదువువారి పేర్లను చెప్పించుట మొదలిడిరి. శ్రోత ఆ గొంతును ఎరిగినచో మోసపోడని వారి తలంపు. మన వార్తలలోను పేరు ముందు, వార్త వెనుక. సర్వరు కూడ ఇట్లే మొదట తానెవరో చెప్పి, తరువాతనే లెక్క విప్పును.

ఇక మన ప్రాంతపు కథ. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1998 నవంబరున ‘కార్డ్’ అను పథకముతో రిజిస్ట్రేషను కార్యాలయములు కంప్యూటరునెక్కెను. 2011లో మీసేవ వచ్చి, డిజిటల్ సంతకముతో ధ్రువపత్రములు ఇంటిదగ్గర దొరకసాగెను. అట్టి పత్రమును కంప్యూటరులో తెరచినపుడు సంతకముపై పసుపుపచ్చని ప్రశ్నార్థకము కనబడుట మన ఇండ్లలో చాలమంది చూచియుందురు. అది పత్రములోని దోషము గాదు. సంతకము పెట్టిన అధికారికి మూలపురుషుడైన భారత ప్రభుత్వపు మూల సర్టిఫికెట్టును మన కంప్యూటరు ఎరుగదు. పరిచయము చేసినచో ప్రశ్నార్థకము పోవును. వరాహముద్రను గుర్తుపట్టని గ్రామాధికారి వంటిదే ఈ కంప్యూటరు.

2020 అక్టోబరు 29న, శామీరుపేట ప్రాంతపు మూడుచింతలపల్లిలో, ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ధరణిని ప్రారంభించెను. తహశీలుదారే రిజిస్ట్రేషను చేసి, ఆ పూటనే పట్టా మార్చు ఏర్పాటది. వేగము మెచ్చదగినది. కాని డిజిటల్ సంతకము కానందున పాసుపుస్తకము రాని రైతులు కచేరీల చుట్టు తిరుగుటయు ఆ కాలపు కథయే. భూమి ఉన్నది, దున్నువాడున్నాడు, సర్వే నెంబరున్నది, సంతకము లేదు! 2024 డిసెంబరు 1న దాని నిర్వహణ ప్రైవేటు సంస్థనుండి జాతీయ సమాచార కేంద్రమునకు మారెను. 2025 ఏప్రిల్ 14న భూభారతి దాని స్థానమున వచ్చెను. కోట్ల పద్దులు ఇట్లు ఒక ఇంటినుండి మరియొక ఇంటికి మారునపుడు, పద్దులతోపాటు తాళపుచెవులు వచ్చినవా అని ఎవరో ఒకరు అడిగి తీరవలెను.

ఈ ప్రశ్న ఏ కార్యాలయపు సర్వరునకైనను చెల్లును. లోకమున విస్తారముగా వాడుకలోనున్న మైక్రోసాఫ్టువారి ఎస్.క్యు.ఎల్. సర్వరును ఉదాహరణగా తీసికొందము. దానిలో సర్టిఫికెట్టు రెండు పనులు చేయును. ఒకటి, వాకిట నిలిచి తానెవరో చెప్పుట. రెండు, లోపలి గదికి వేసిన తాళము తెరచుట. ఏది తప్పిపోయినదో తెలిసికొనక ముందే మందు వేయువారు రోగిని పాడుచేయుదురు.

వాకిటి సర్టిఫికెట్టు కనబడలేదన్నపుడు, అది నిజముగా లేకపోవుట అరుదు. తరచుగా అది ఉండియు, ఉండవలసినచోట ఉండదు. యంత్రమునకంతకు చెందిన పెట్టెలో పెట్టవలసినదానిని, పని చేసిన ఉద్యోగి తన సొంత పెట్టెలో పెట్టుకొని పోవును. అతడు చూచినపుడు కనబడును, సర్వరు చూచినపుడు కనబడదు. లేదా సర్టిఫికెట్టు చీటి వచ్చియుండును గాని దానికి జతయగు రహస్యపు చెవి రాదు. చెవి వచ్చినను, సర్వరు ఏ ఖాతా పేర నడచుచున్నదో ఆ ఖాతాకు దానిని చదువు అనుమతి ఉండదు. యంత్రమునకు కొత్త పేరు పెట్టి, పాత పేరు మీది సర్టిఫికెట్టును అట్లే ఉంచుట మరియొకటి. ఇవన్నియు సరిగానున్నచో గడువు చూడవలెను. పాత సర్టిఫికెట్టు వ్రేలిముద్రను సర్వరు అమరికలలో వ్రాసియుంచి, ఆ సర్టిఫికెట్టును తీసివేసినచో సర్వరు లేవనే లేవదు. మొరాయించిన ఎద్దువలె కూలబడును. కారణము మాత్రము తన దినచర్య పుస్తకములో వ్రాసిపెట్టును. అది చదువక సర్వరును పదేపదే ఆర్పి వెలిగించువారే ఎక్కువ.

సర్టిఫికెట్టు ఏదియు నియమింపనిచో ఈ సర్వరు ఊరకుండదు. తనకు తానే ఒకటి వ్రాసుకొనును. ‘నేను మంచివాడను, ఇందుకు నేనే సాక్షి’ అన్నట్లు! దానితో మాటలు గుట్టుగానే పోవునుగాని, అవతలివాడెవరో రుజువుండదు. ఏండ్ల తరబడి ఎన్నియో కార్యాలయములు ఈ స్వయంసాక్ష్యముతోనే నడచినవి. 2022లో మైక్రోసాఫ్టువారు 18వ ఓడీబీసీ డ్రైవరును విడుదల చేయుచు, సాక్షిని విచారించుటను సహజ నియమముగా చేసిరి. అంతవరకు నిశ్చింతగా నడచిన సంబంధములు ఒక్కసారి తెగిపోయినవి. సర్వరు పాడైపోయినదని అందరును అనుకొనిరి. నిజమునకు అది ఎన్నడును రుజువుచేసికొనని సంగతిని ఇప్పుడు ఎవరో అడిగిరి, అంతే. అవసరమునకు ‘సర్వరు సర్టిఫికెట్టును విచారింపక నమ్ముము’ అను ఒక మీట కలదు. దానిని నొక్కిన వెంటనే పని సాగును. రిజిస్ట్రారు సాక్షులను పిలువకయే దస్తావేజును దాఖలుచేయుట వంటిది ఆ మీట. ఒక పూట ఆపద గడుచుటకు తప్ప దానిని వాడరాదనియే మా అభిప్రాయము.

లోపలి గది సంగతి ఇంతకంటె గంభీరము. 2008 నాటి రూపము మొదలు ఈ సర్వరులో డేటాబేసునంతను గుప్తలిపిలో దాచు సదుపాయము కలదు. దొంగ వచ్చి ఫైళ్ళనెత్తుకొని పోయినను చదువలేడు. కాని దొంగకును యజమానికిని భేదము చూపునది సర్టిఫికెట్టు ఒక్కటియే. పాత యంత్రము ముసలిదైనపుడు డేటాబేసు నకలు తీసి, కొత్త యంత్రములో పెట్టి తెరువబోవుదురు. అప్పుడు వచ్చు జవాబు 33111వ నెంబరు దోషము. ఫలానా వ్రేలిముద్రగల సర్వరు సర్టిఫికెట్టు కనబడలేదని దాని భావము. ఆ వ్రేలిముద్ర 40 అంకెలు, అక్షరముల వరుస. ఇంగ్లీషులోను దానికి బొటనవ్రేలి ముద్ర అను అర్థమిచ్చు థంబ్‌ప్రింటు అనియే పేరు. హెర్షెలు నిశాని ఇంతదూరము వచ్చినది!

ఇక్కడ తొందరపడి అదే పేరుతో కొత్త సర్టిఫికెట్టు చేసినచో లాభము లేదు. సర్వరు పేరు చూడదు, ముద్ర చూచును. కూటశాసనకర్త ఎత్తు ఇక్కడ పారదు. చేయవలసినది పాత యంత్రమును తిరిగి లేపి, దోషపత్రములోని ముద్రను అక్కడి సర్టిఫికెట్ల పట్టికలోని ముద్రలతో పోల్చి, జతపడినదానిని రహస్యపు చెవితో సహా ఫైలుగా తీసి, ఆ ఫైలుకు సంకేతపదము పెట్టి కొత్త యంత్రమునకు కొనిపోవుట. అక్కడ మొదట మూల తాళపుచెవిని సృష్టించి, దాని క్రింద ఈ సర్టిఫికెట్టును చేర్చి, పిమ్మట డేటాబేసును తెరువవలెను. క్రమము తప్పరాదు. పాత యంత్రమును అప్పటికే పాతసామానువానికి అమ్మివేసి, సర్టిఫికెట్టు నకలు ఎచ్చటను లేనిచో, ఆ లెక్కలు పోయినవే. ఎంతటి నిపుణుడును చేయగలది లేదు.

విచిత్రమేమన, ఈ సంగతిని సర్వరే ముందుగా హెచ్చరించును. గుప్తలిపి మొదలుపెట్టిన పూటనే, ‘ఈ సర్టిఫికెట్టుకు నకలు తీయబడలేదు’ అను వాక్యము తెరపై కనబడును. పని ముగిసిన సంతోషములో దానిని చదువువారు తక్కువ. నకలు తీసినవారిలోను కొందరు దానిని అదే యంత్రములో దాచుదురు. ఇనుపపెట్టె తాళపుచెవిని ఇనుపపెట్టెలోనే పెట్టి మూసినట్లు! నకలొకటి వేరొక ఊరిలో, దాని సంకేతపదము మూసిన కవరులో వేరొక అధికారివద్ద, ఎవరివద్ద ఏమున్నదో వ్రాసిన చీటి మూడవచోట ఉండుట మేలు. మరియొక మాట. నకలు తీసినది చాలదు. ఏటికొక పర్యాయమైనను మరియొక యంత్రములో నిజముగా తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును మేము నకలుగా లెక్కింపము.

అధికారి చేవ్రాలునకు వాడు సర్టిఫికెట్టు మన దేశమున మూడేండ్లకు మించి చెల్లదు. బహిరంగ వెబ్‌సైటుల సర్టిఫికెట్ల గడువు ఇంకను కుదించుకొనిపోవుచున్నది. సర్టిఫికెట్లిచ్చువారును, బ్రౌజరులు తయారుచేయువారును కలిసిన సంఘము 2025 ఏప్రిల్‌లో చేసిన తీర్మానము ప్రకారము, 398 దినములుగానున్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుండి 200 దినములకును, 2027 మార్చి 15 నుండి 100 దినములకును, 2029 మార్చి 15 నుండి 47 దినములకును తగ్గును. నెలన్నరకొకసారి చేతితో మార్చుట ఏ కార్యాలయమునకును సాధ్యము గాదు గనుక, ఆ పనిని యంత్రమునకే అప్పగింపవలసియున్నది. అది తన పని చేసినదో లేదో చూచుటకు మాత్రము ఒక మనుష్యుడును, ఒక పట్టికయు, గోడపై ఒక క్యాలెండరును కావలెను.